చిక్కుడు పాదుకు సేవ తగ్గించండి

మొదటిసారి చిక్కుడు వేసేవారికి చుట్టుపక్కల అందరూ చెప్పే మాటలు దాదాపు ఒకటే. ఉగాది దాటగానే గింజ వెయ్యి. రాత్రంతా నానబెట్టి వెయ్యి. ఎరువు దండిగా పెట్టు. నీళ్లు ఆపకు. పురుగు కనబడితే మందు కొట్టు. కాయ నిండాక కొయ్యి. నేను చెప్పబోయేది వీటన్నిటికీ ఎదురు. వినడానికి అడ్డదిడ్డంగా ఉంటుంది, ఇంట్లో పెద్దవాళ్లు కోప్పడతారు కూడా. అయినా చెప్పక తప్పదు. హైదరాబాదు పాతబస్తీలో లాల్ దర్వాజా, గౌలిపురా, అలియాబాద్, శాలిబండ వైపు డాబాల మీద ఆకు దట్టంగా కమ్మి కాయ మాత్రం కానరాని పందిళ్లు ఏటా చూస్తున్నాను. ఆ పాదులకు సేవ తక్కువై కాదు, ఎక్కువై కాయలేదు.

నేను మాట్లాడుతున్నది మన పందిరి చిక్కుడు గురించి. పక్కింటి ఖాలా సేమ్ కీ ఫల్లీ అంటూ మటన్‌తో కలిపి వండేది ఇదే. మార్కెట్లో బీన్స్ పేరుతో అమ్మే ఫ్రెంచ్ బీన్స్ వేరే జాతి. దానికీ కెంటకీ వండర్ లాంటి తీగ రకాలున్నాయి కానీ, ఎండ 30 డిగ్రీలు దాటితే పూత రాలుతుంది. వేయాలనుంటే అక్టోబరులో వేసి, డిసెంబరు, జనవరి నెలల్లో నాలుగు కోతలు కోసుకుని తీసేయండి. తొలి ఏడాది దాని జోలికి పోవద్దని నా మాట. మొదట చేయి తిరగాల్సింది చిక్కుడు మీద.

ఆలస్యంగా వేయండి

చిక్కుడు పూసేది దాని వయసును బట్టి కాదు, పగటి పొడవును బట్టి. హైదరాబాదులో జూన్‌లో పగలు 13 గంటల పైన ఉంటుంది, డిసెంబరులో 11 గంటలకు దిగుతుంది. పాత పందిరి రకాలు పగలు బాగా కురచయ్యేదాకా మొగ్గ వేయవు. మీరు ఉగాదికి వేసినా, ఆషాఢంలో వేసినా పూత వచ్చేది దసరా, దీపావళి రోజుల్లోనే. ఉగాదికి వేసినవారు ఆరేడు నెలలు ఉత్త ఆకుకు నీళ్లు పోస్తారు. ఆ మధ్యలో మే నెల ఎండ 40 డిగ్రీల దాకా పోతుంది, పాదు మాడుతుంది, బతికితే విసుగు పుట్టిస్తుంది. చాలామంది ఆగస్టులో పీకి పారేస్తారు. ఇంకో రెండు నెలలాగితే పూసేది కదా అని చూసేవాళ్లకు ప్రాణం ఉసూరుమంటుంది.

కాబట్టి నేలలో వేసేవారు మృగశిర కార్తె దాకా ఆగండి. నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప ప్రసాదానికి జనం బారులు తీరే రోజులు గుర్తుపెట్టుకుంటే చాలు, తొలకరి పడ్డాక గింజ వేయొచ్చు. కుండీలో వేసేవారు ఇంకా ఆగండి. లాల్ దర్వాజా బోనాలు అయిపోయాక వేయండి. కుండీలో ఉన్న గుప్పెడు మట్టి ఆరు నెలల ఆకును మోయలేదు, పూత వేళకు దాని సత్తువ అయిపోతుంది. ఆలస్యంగా వేసిన తీగ చిన్నగా ఉంటుంది, చూసినవాళ్లు పెదవి విరుస్తారు. విరవనివ్వండి. పూసే వేళకు దాని ఒంట్లో బలం ఉంటుంది.

పగటి పొడవుతో పని లేకుండా ఏ కాలంలోనైనా పూసే పొట్టి రకాలూ ఉన్నాయి. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్క జయ్, అర్క విజయ్ అలాంటివే. అవి గుబురుగా నిలబడతాయి, పందిరి అక్కర్లేదు. రైతుకు అవి మంచివే. ఇంట్లో నాలుగు నెలలపాటు మూడు రోజులకోసారి కూరకు కాయ కావాలంటే మాత్రం పందిరి రకానిదే పైచేయి.

చీకటి చూసుకోండి

స్థలం వెతికేటప్పుడు అందరూ ఎండ ఎక్కడ పడుతుందో చూస్తారు. ఎండ కావాల్సిందే, రోజుకు ఆరు గంటలైనా తగలాలి. కానీ పాతబస్తీలో ఎండకు కరువు లేదు. కరువల్లా రాత్రి చీకటికే. గల్లీ మొదట్లో ఎల్‌ఈడీ స్తంభం, పక్కన ఫంక్షన్ హాలు, ఎదురు డాబా మీద తెల్లవార్లూ వెలిగే ఫోకస్ లైటు. కురచ పగలు కోరే మొక్క నిజానికి లెక్కపెట్టేది పగటిని కాదు, ఎడతెగని రాత్రిని. ఆ రాత్రి మీద దీపం పడితే అది ఇంకా ఎండాకాలమే అనుకుంటుంది. వీధి దీపాల కింద సోయా మొక్కలు పూయకుండా పచ్చగానే నిలబడిపోవడం వ్యవసాయ శాస్త్రానికి బాగా తెలిసిన సంగతే. ఒకే పందిరిలో దీపం వైపు ఆకులు, నీడ వైపు కాయలు చూస్తే ఆశ్చర్యపోవద్దు.

అందుకని గింజ వేయకముందే ఒక రాత్రి తొమ్మిదింటికి డాబా ఎక్కి చూడండి. నీళ్ల ట్యాంకు వెనకో, మెట్ల గది వెనకో, వీధి దీపం తగలని మూల ఉంటుంది. ఎండ కొంచెం తక్కువైనా సరే, పందిరి అక్కడ వేయండి. సొంత డాబా మీది బల్బు అక్టోబరు నుంచి రాత్రి పనయ్యాక ఆర్పేయండి. ఇదొక్కటి పాటిస్తే మిగతా వ్యాసం మరిచిపోయినా కొన్ని కాయలు తింటారు.

డాబా మీద మట్టి మోయకండి

మిద్దెతోట అనే మాటను ఇంటింటికీ చేర్చిన వారిలో కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి ముందుంటారు. ఆ పేరుతో పుస్తకమే రాశారు. కాంక్రీటు స్లాబు ఉన్న ఇంటికి ఆ దారి మంచిదే. కానీ చార్మినార్ చుట్టూ ఉన్న పాత ఇళ్లలో ఎన్నింటికి స్లాబు ఉంది? దూలాల మీద, డంగు సున్నం మీద నిలబడ్డ కప్పులు ఇంకా ఎన్నో ఉన్నాయి. 200 లీటర్ల నీలం డ్రమ్మును సగానికి కోసి మట్టి నింపి నీళ్లు పోస్తే ఒక్కో సగం 150 కిలోలకు తగ్గదు. నాలుగు పెడితే అర టన్ను దాటింది. 2020 అక్టోబరులో నగరాన్ని ముంచినటువంటి వాన ఆపైన పడితే కప్పు ఏమవుతుందో ఊహించుకోండి. కప్పు కూలడం కంటే కాయ లేకపోవడం నయం.

పాత ఇంట్లో ఉండేవారు చిక్కుడును కింద పెట్టండి. వాకిట్లో ఓ మూల బండ ఒకటి లేపి, రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు గొయ్యి తీయండి. సున్నపు పెళ్లలు, ఇటుక ముక్కలు చాలా వస్తాయి. వాటిని ఏరి పారేసి ఎర్రమట్టి, బాగా మాగిన ఎరువు కలిపి నింపండి. మూసీ ఒడ్డు మట్టి ఊరికే దొరుకుతుందని తేవద్దు. దశాబ్దాల మురుగు, ఫ్యాక్టరీల వ్యర్థాలు అందులో ఉన్నాయి, తినే కాయకు అది పనికిరాదు. గోడ వెంబడి సుత్లీ తాడు డాబా పిట్టగోడ దాకా కట్టండి. వేరు కింద చల్లగా ఉంటుంది, తీగ పైన ఎండలో ఉంటుంది. బరువంతా నేల మోస్తుంది. పెద్ద పందిరి రకం పది పన్నెండు అడుగులు అవలీలగా పాకుతుంది.

నైలాన్ తాడు, ఇనుప తీగ వాడకండి. ఇనుప తీగ ఎండకు కాలి లేత కొనను చురుక్కుమనిపిస్తుంది, రెండూ నునుపుగా ఉండి పట్టు ఇవ్వవు. గరుకుగా ఉండే సుత్లీ, కొబ్బరి తాడు బేగంబజార్‌లో కావలసినంత దొరుకుతాయి. తీగ తాడును తనకిష్టమైన వైపే చుట్టుకుంటుంది. మీ చేత్తో ఎదురు వైపు చుట్టారా, తెల్లారేసరికి విప్పుకుని వేలాడుతుంది. దగ్గరికి చేర్చి వదిలేయండి.

ఇక పందిరి ఎత్తు. తలపైన చేయి చాచినంత ఎత్తు వేయమని అందరూ అంటారు. నేను ఛాతీ ఎత్తుకు మించి వద్దంటాను. సంక్రాంతి వస్తే పాతబస్తీ ఆకాశమంతా పతంగులే. తెగిన మాంజా వచ్చి పడేది ఎత్తున్న వాటి మీదే. సరిగ్గా కాపు జోరు మీదున్న జనవరిలో ఎవరో పిల్లవాడు పక్క డాబా నుంచి ఒక్క గుంజు గుంజితే, అన్ని నెలలు పెంచిన తీగ మధ్యకు తెగుతుంది. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో నిషేధించినా నైలాన్ మాంజా గాల్లో కనబడుతూనే ఉంది. పిట్టగోడ మరుగున, ఛాతీ ఎత్తులో, అడ్డంగా పరిచిన పందిరికి ఆ బెడద తక్కువ. కోత కోయడానికి స్టూలు ఎక్కే పనీ లేదు, ఆకు వెనక పురుగు చూడటమూ సులువు.

నానబెట్టవద్దు, అన్నీ ఉంచవద్దు

వానాకాలపు మట్టిలో తడికి కొదవ ఉండదు. రాత్రంతా నీళ్లలో ఉబ్బిన గింజ పొర చిట్లుతుంది. దాన్ని తీసుకెళ్లి చిత్తడి మట్టిలో పెడితే మొలిచే ముందే కుళ్లుతుంది. పొడి గింజను అంగుళం లోతులో పెట్టి, ఒక్కసారి తడిపి, మొలక తల ఎత్తేదాకా మళ్లీ నీళ్లు పోయకండి. వారం లోపల వస్తుంది. ఒక్కో చోట మూడు గింజలు వేయండి. మూడూ మొలిస్తే బలమైనది ఒకటి ఉంచి మిగతా రెండింటిని మొదలు దగ్గర కత్తిరించండి. ఇది చెబితే అందరి ముఖం మాడుతుంది, ప్రాణమున్న మొలకను చంపడమేమిటంటారు. సగం డ్రమ్ములో మూడు తీగలు పెరిగితే మూడూ ఆకలితో ఉంటాయి. ఒక్కటి ఉంటే ఇల్లంతటికీ కాయ ఇస్తుంది. పీకకండి, కత్తిరించండి. పీకితే ఉంచుకున్న దాని వేరు కదులుతుంది.

మొలక మీద మొదటి హక్కు మాదేనంటాయి పావురాలు. హుస్సేనీ ఆలంలో వాటి పేరు మీద కబూతర్ ఖానా ఉన్న ఊరు ఇది, వాటిని తరమడం కుదిరే పని కాదు. రెండు లీటర్ల నీళ్ల సీసా అడుగు కోసి మొలక మీద బోర్లించండి, మూత తీసి ఉంచండి. నాలుగు ఆకులు వచ్చాక తీసేయవచ్చు.

ఎరువు దుకాణానికి వెళ్లకండి

చిక్కుడు తన నత్రజనిని తానే సంపాదించుకుంటుంది. వేళ్ల మీద బుడిపెల్లో ఉండే బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. పైనుంచి యూరియానో, డీఏపీనో వేస్తే ఆ పని మందగిస్తుంది. ఆకు కళ్లు చెదిరేలా వస్తుంది, పూత వెనక్కి పోతుంది. మీ పాదు చూసి అబ్బ ఎంత పచ్చగా ఉందో అని ఎవరైనా మెచ్చుకుంటే సంతోషించకండి, ఎరువు ఆపండి.

దుకాణంలో డబ్బు పెట్టి కొనే పని లేదు. మీ గల్లీలో ఏటా చిక్కుడు కాసే ఇల్లు ఒకటి ఉంటుంది. ఆ పాత పాదు మొదట్లోంచి రెండు గుప్పెళ్ల మట్టి అడిగి తెచ్చుకుని మీ గోతిలో కలపండి. ఆ బ్యాక్టీరియా అందులోనే ఉంటుంది. నమ్మకం కుదరకపోతే, పూత వేళలో ఒక పక్క వేరు తవ్వి బుడిపెను గోటితో చిదిమి చూడండి. లోపల గులాబీ రంగు ఉంటే పని బాగా జరిగినట్టు. గోతి నింపేటప్పుడు బక్రీద్‌కు ముందు గల్లీలో కట్టేసిన మేకల పెంటికలు దొరికితే ఎత్తి పెట్టుకోండి. కానీ వాటిని ఆ ఏడాది వాడకండి. మూడు నాలుగు నెలలు మాగనిచ్చి పై ఏడాది పాదుకు కలపండి.

ఇరానీ హోటల్లో వాడేసిన చాయ్‌పత్తి తెచ్చి కుండీలో వేయమనే సలహా ఈ మధ్య బాగా వినబడుతోంది. చక్కెర అంటుకున్న ఆ పత్తికి చీమలు పడతాయి. చీమలు ఊరికే పోవు, పేనుబంకను తెచ్చి తీగ మీద పెంచుతాయి. పేను విసర్జించే తీపి వాటికి తిండి. ఆ తిండి పెట్టే పేను జోలికి వచ్చే అక్షింతల పురుగులను అవే తరిమేస్తాయి. పత్తిని మూడుసార్లు కడిగి ఎండబెట్టే ఓపిక ఉంటేనే వేయండి, లేకుంటే చెత్త ఆటోకు ఇవ్వండి.

నీళ్ల విషయంలోనూ అంతే. రెండు కణుపుల లోతుకు వేలు గుచ్చి చూడండి. పొడిగా ఉంటేనే పోయండి, ఉదయమే పోయండి. వానలు తగ్గాక, దసరాకు ముందు ఓ పది రోజులు పాదును కాస్త ఎండగట్టండి. ఆకు మధ్యాహ్నం కొంచెం వాలి సాయంత్రం తేరుకుంటే భయం లేదు. తీగ పందిరి ఎక్కగానే కొన తుంచేయడం కూడా మరవొద్దు. చక్కగా సాగే తీగను తుంచడానికి చేయి రాదు కానీ, తుంచిన చోట పక్క కొమ్మలు వస్తాయి. పూగుత్తులు ఆ పక్క కొమ్మల మీదే ఎక్కువ.

పేను కనబడితే రెండు రోజులు ఆగండి

చలి మొదలై మబ్బు పట్టిన రోజుల్లో లేత కొనలకు నల్లగా పేనుబంక పడుతుంది. చూడగానే ఒళ్లు జలదరిస్తుంది, చేయి మందు డబ్బా మీదికి పోతుంది. ఆగి చూడండి. నలుపు మీద నారింజ మచ్చలతో మొసలి ఆకారంలో చిన్న పురుగులు తిరుగుతున్నాయా? చాలామంది వాటినే అసలు శత్రువనుకుని నలిపేస్తారు. అవి అక్షింతల పురుగు పిల్లలు, రోజుకు పదుల కొద్దీ పేలను తింటాయి. మందు కొడితే ముందు చచ్చేవి ఇవే, తర్వాత పేను రెట్టింపై వస్తుంది. బాగా పట్టిన కొనలను తుంచి సబ్బునీళ్ల బకెట్లో ముంచండి, మిగతా చోట నీళ్లను గట్టిగా చిమ్మండి. వారానికీ తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు కలిపి సాయంత్రం పూట ఆకు అడుగున తడపండి. పగటిపూట వద్దు, పూల మీదికి నల్ల తుమ్మెదలు, తేనెటీగలు వచ్చే వేళ అది.

రసాయన మందు అసలే వద్దనడానికి ఇంకో కారణం ఉంది. మందు కొట్టాక కొన్ని రోజులు కాయ కోయకూడదు. చిక్కుడు మూడు నాలుగు రోజులకోసారి కోతకు వస్తుంది. అలాంటి పాదు మీద మందు కొట్టి తిన్నామంటే మందే తిన్నట్టు. కాయకు బొక్క కనబడితే ఆ కాయ తీసి పారేయండి, చేత్తో చేసే ఈ పని చిన్న పందిరికి చాలు.

ముదరకముందే, అవసరం లేకున్నా కోయండి

గింజ ఉబ్బి కాయ మీద గుండ్రంగా తేలేదాకా ఆగేవారికి రెండు నష్టాలు. కాయ పీచుగా మారుతుంది. పైగా గింజ కట్టడం మొదలయ్యాక పాదు కొత్త పూతను తగ్గించేస్తుంది. వేలితో తడిమితే లోపల గింజ చిన్నగా తగలాలి, విరిస్తే టప్పున విరగాలి. ఆ అదను దాటనీయకండి. కూర అక్కర్లేని రోజైనా కోసి పక్కింటికి ఇవ్వండి. మిగిలినవి ముదిరిపోయినా ఫర్వాలేదని తీగ మీద వదిలేయడమే అన్నిటికంటే పెద్ద పొరపాటు.

కోసేటప్పుడు గుత్తి కాడను విరవకండి. చిక్కుడు గుత్తి కింద కాయ కడుతూ పైన ఇంకా మొగ్గ వేస్తూ ఉంటుంది. కాడతో సహా లాగితే రెండు మూడు కోతల కాయను ఒకేసారి పోగొట్టుకున్నట్టు. చిన్న కత్తెర పెట్టుకుని కాయ తొడిమ దగ్గరే కత్తిరించండి. చలి రాత్రుల్లో కాసిన కాయకు చేతికి అంటుకునే జిడ్డూ, ఘాటైన వాసనా వస్తాయి. ఆ వాసనకే బెంగళూరు జనం అవరేకాయ్ మేళా పెట్టుకుంటారు. కాబట్టి పుష్య మాసపు కోతను అల్లం, పచ్చిమిర్చి దట్టించి చంపకండి. ఈనెలు తీసి, కొద్దిగా ఉప్పూ కారంతో మగ్గించండి చాలు.

విత్తనం కోసం పాదులో కొన్ని కాయలను మాఘం దాకా ముట్టవద్దు. ఇక్కడా లోకం తీరుకు ఎదురే చెబుతాను. విత్తనానికి చివర మిగిలిన వంకర కాయలను వదిలేస్తారు, అది తప్పు. తొలి కోతల్లోనే మంచి గుత్తి చూసి దానికి ఎర్ర దారం కట్టి ఉంచండి. రథసప్తమికి చిక్కుడు కాయలతో రథం కట్టేవారు, చిక్కుడాకులో పరమాన్నం నైవేద్యం పెట్టేవారు దారం కట్టిన గుత్తిని వదిలి పక్కవి తీసుకోండి. కాయ తీగ మీదే ఎండి గలగలమన్నాక వలిచి, నీడలో ఆరబెట్టి, బూడిదో ఎండు వేపాకో కలిపి గట్టి మూత డబ్బాలో దాచండి. ఎండు గింజలు వండుకునేవారు రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో మెత్తగా ఉడికించాలి. అరకొరగా ఉడికిన ఎండు గింజ కడుపుకు మంచిది కాదు. నానబెట్టమని నేను చెప్పేది ఈ ఒక్కచోటే.

పాతబస్తీలో ఇంటికో రకం చిక్కుడు ఉంది. ఊదా అంచుది, తెల్ల పువ్వుది, చేటంత వెడల్పుది, వేలంత సన్నది. వీటిలో చాలావాటి విత్తనం ఏ ప్యాకెట్లోనూ దొరకదు. పెద్దవాళ్లు డబ్బాలో దాచినంత కాలమే అవి ఉంటాయి. మీ గల్లీలో అలాంటి పాదు కనబడితే సిగ్గుపడకుండా తలుపు తట్టి నాలుగు గింజలు అడగండి. మాఘం, ఫాల్గుణంలోనే అడగండి. చైత్రం నాటికి పందిరి పీకేస్తారు, ఎండిన కాయలతో సహా తీగ చెత్త ఆటో ఎక్కేస్తుంది.